భుజమ్మీద చెయ్యి

పొద్దున్నే తాళం తీసేది నేనే.
ఉప్పుగాలికి గొళ్లెం
ఏటా కాస్త సన్నబడుతుంది.
ఇది పాత కోట. ఫిరంగులు పోయాక
ఫొటోలొచ్చాయి.

బ్రిటనీ కొస ఇది, ఇక్కడితో నేల సరి.
బయట చరియ మీద రాతి మనిషి ఒకామె
ముసుగు దించుకుని నిలబడి ఉంటుంది.
లోపల, మసక దీపాల కింద, వీళ్లు:
ఈత రాకుండానే నౌకాదళంలో చేరినవాళ్లు,
మీసం మొలవక బొగ్గుతో దిద్దుకున్నవాళ్లు,
టోపీ మీది ఎర్ర ఊలుబంతి
ఫొటోలో నల్లగా పడినవాళ్లు.
అందరూ ఎవరింటి గోడ మీంచో దిగొచ్చినవాళ్లే.
అక్కడ మేకు కింద
వెలవని చదరం ఒకటి మిగిలే ఉంటుంది.

అక్టోబరులో ఒక మంగళవారం
బిస్కెట్ డబ్బా చంకన పెట్టుకుని
తిఫెన్ కెర్మారెక్ బస్సు దిగింది.
డెబ్బై దాటాయి. సార్డిన్ల ఫ్యాక్టరీలో
నలభై ఏళ్లు కత్తి పట్టిన చేతులు,
కుడిచేతికి రెండు వేళ్లు సగమే.

"మా తాతకి అన్న. గుల్వెన్.
బాయిలర్ గదిలో బొగ్గు ఎత్తిపోసేవాడు.
పదిహేడో సంవత్సరం, ఫిబ్రవరి.
ఓడ రెండు ముక్కలైంది, వీడు ఏ ముక్కలో ఉన్నాడో తెలీదు."

వాళ్ల దీవిలో ఒక ఆచారం:
సముద్రం శవాన్ని తిరిగివ్వకపోతే
మైనంతో చిన్న సిలువ చేస్తారు.
తెల్లగుడ్డ మీద పెట్టి రాత్రంతా మేలుకుంటారు,
తెల్లారాక దాన్నే మోసుకెళ్లి మట్టి చేస్తారు.
గుల్వెన్‌కి పేరు పెట్టిన మేనమామ
చీకట్లో వచ్చి తలుపు తట్టాడట.
తల్లి మారి-జాన్ తియ్యలేదు.
"వాణ్ణి నీళ్లే తీసుకెళ్లాయి,
మళ్లీ నేను కూడానా నీళ్లొదిలేది" అందట
లోపల్నించే.

సిలువ లేదు కనక చావు లేదు.
చావు లేదు కనక ఫొటో ఇవ్వలేదు.
ఇక్కడ అతనికి ఖాళీ కూడా లేదు,
పక్కవాళ్లు సర్దుకుని నిలబడిపోయారు.

డబ్బా మూత తీసింది. వెన్న వాసన.
ఎవరిదో పెళ్లి ఫొటో లోంచి
కత్తిరించిన ముక్క, అంచులు వంకర.
కోటు అరువుదిలా ఉంది, చేతులు పొట్టి.
నవ్వబోతూ ఎవరో పిలిస్తే ఆగిన మొహం.
ఎడమ భుజమ్మీద
ఒక చెయ్యి.
మణికట్టు దాకానే ఉంది.
చిన్న లేసు అంచు, తర్వాత కత్తెర.

"ఎవరిది?"
"కత్తిరించినవాళ్లకి తెలిసుండాలి."

నా దగ్గర నిబంధన ఉంది:
ముఖం మాత్రమే, ఇంత పొడవు, ఇంత వెడల్పు.
అట్టచట్రం పెట్టి చూశాను. చెయ్యి మాయమైంది.
నిజం చెబుతున్నాను, మొహం మారిపోయింది.
మెట్ల కింద, వేడిలో,
ఏదో శబ్దం వినడానికి ఆగినవాడు.
చట్రం తీశాను.
మళ్లీ పెళ్లిలో ఉన్నాడు.

తిఫెన్ వంగింది. సగం వేలితో
ఆ వేళ్లను ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టింది.
"అయిదూ ఉన్నాయి" అంది,
అదొక్కటే తెలుసుకోవాల్సి ఉన్నట్టు.

మూడో వరసలో పెట్టాను, చెయ్యితో సహా.
పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.
చూసుకుంటానని రాశాను. చూసుకుంటున్నాను.

నిన్న బడిపిల్లలొచ్చారు.
ఆ చెయ్యి అమ్మదన్నారు, కాదు పెళ్లాందన్నారు,
దెయ్యందని ఒకడు, నవ్వులు.
వానకోటు బొత్తాలు తప్పుగా పెట్టుకున్న పిల్ల
వెనకే ఉండిపోయి అడిగింది:
"ఆమె పట్టుకుంది కదా,
మరి ఎలా వెళ్లాడు?"

టీచరు పిలిచింది, పరుగెత్తింది.

సాయంత్రం గొళ్లెం పడలేదు.
ఉప్పు.
రెండోసారి గట్టిగా లాగాను.